ఇల్లు, పొరుగు, న్యాయం: సామూహిక గృహవసతిలో సమానత్వంపై ఒక నైతిక విచారణ

ప్రస్తావన

ఇల్లు లేనివారికి ఇల్లు కల్పించడం రాజ్యం బాధ్యత అన్న విషయంలో నేడు పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఆ ఇల్లు ఎక్కడ ఉండాలి, ఎవరి ఇంటి పక్కన ఉండాలి అన్నచోటనే భేదాభిప్రాయం మొదలవుతుంది. “ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెత ఇంటి కష్టాన్ని ఖర్చుతోనూ శ్రమతోనూ కొలిచింది. డబ్బు చేతిలో ఉండి కూడా కోరుకున్న వీధిలో ఇల్లు దొరకని మనిషి కష్టం ఆ సామెత పరిధిలోకి రాలేదు. కులం, మతం, ఆహారపుటలవాట్లు, ఒంటరి స్త్రీ కావడం వంటి కారణాలతో ఇల్లు నిరాకరించడం పల్లెలకే పరిమితమైన సంగతి కాదు. అద్దె ఇల్లు అడగబోయిన వారికి నగరంలోనూ ఎదురయ్యే తొలి ప్రశ్న తరచుగా ఇంటిపేరే.

ఈ నేపథ్యంలో ఒక ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తన పొరుగువారిని ఎంచుకునే హక్కు ఒక సమూహానికి ఉందా? ఉంటే, అది ఎక్కడ అన్యాయంగా మారుతుంది? వేరుగా ఉండడాన్ని కేవలం వేరుగా ఉండడంగా తూచలేమని, ఆ నిర్ణయం ఎవరిది, దాని భారం ఎవరిపై పడుతున్నది అన్న రెండు ప్రశ్నలతోనే దాని న్యాయాన్యాయాలు తేలుతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

1. మాటల్లో నిలిచిన హద్దు

“ఊరూ వాడా ఏకమైంది” అంటాం. అందరూ కలిశారని చెప్పే ఈ జాతీయం, మామూలు రోజుల్లో ఆ రెండూ వేరన్న సంగతిని ముందే ఒప్పుకుంటున్నది. ‘వాడ’ అన్న పదంలో స్వతహాగా నింద లేదు. పట్టణాల పేర్లలోనూ అది గౌరవంగానే ఉంది. దానికి ‘వెలి’ చేరినప్పుడే అర్థం మారింది. ‘వెలి’ అంటే బయట. ‘వెలివేయడం’ అంటే సంఘం నుంచి తొలగించడం. స్థలాన్ని చెప్పే మాట, శిక్షను చెప్పే మాట తెలుగులో ఒకటే కావడం గమనించదగినది.

అయితే ఈ రెండింటి మధ్య ముఖ్యమైన తేడా ఉంది. కులకట్టు తప్పాడని వెలివేసిన మనిషి మీద ఒక అభియోగమంటూ ఉంటుంది. అతడు జరిమానా చెల్లించి, పెద్దల ముందు ఒప్పుకుంటే తిరిగి కలుపుకునే ఆచారమూ ఉండేది. వెలివాడలో పుట్టిన మనిషి మీద అభియోగం లేదు, అందువల్ల విముక్తీ లేదు. చేయని తప్పుకు గడువు లేని శిక్ష అనుభవించే స్థలం అది. నివాసస్థలం ఒక వసతిగా మాత్రమే కాక ఒక తీర్పుగా పనిచేయడం ఇక్కడ కనిపిస్తుంది.

ఆధునిక తెలుగు సాహిత్యం ఈ తీర్పును తొలినుంచీ గుర్తించింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో ప్రచురితమైన తన నవలకు ‘మాలపల్లి’ అని పేరు పెట్టడంతోనే, ఊరి చివర ఉన్న స్థలం కథకు కేంద్రమైంది. గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’ (1941)లో కథానాయకుడు తన మొరను శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. గుడిలో వేలాడగల గబ్బిలానికి ఉన్న ప్రవేశం ఆ మనిషికి లేకపోవడమే ఆ కావ్యానికి ఆధారం. 2016 జనవరిలో హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయ వసతిగృహం నుంచి బహిష్కరణకు గురైన దళిత విద్యార్థులు ఆరుబయట వేసుకున్న గుడారానికి ‘వెలివాడ’ అనే పేరు పెట్టుకున్నారు. పాత పదం కొత్త స్థలంలో అర్థం చెడకుండా నిలిచిందంటే, ఆ పదం సూచించే వ్యవస్థ ఊరి భౌగోళిక స్వరూపం మీద మాత్రమే ఆధారపడి లేదని తెలుస్తున్నది.

2. పొరుగును ఎంచుకునే హక్కు

పల్లెలో ఆచారం చేసిన పనిని నగరంలో ఒక్కోసారి నియమావళి చేస్తుంది. సహకార గృహనిర్మాణ సంఘాల చరిత్రలో ఇందుకు సుపరిచితమైన ఉదాహరణ అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం. ఆ సంఘం ఉపనియమాలు సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేశాయి. దీనిపై వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 2005లో సంఘం పక్షాన తీర్పు చెప్పింది. సంఘంగా ఏర్పడే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చిన హక్కు; వివక్షను నిషేధించే 15వ అధికరణ ఇలాంటి ప్రైవేటు సంఘం సభ్యత్వ నియమాలకు వర్తించదు. స్థూలంగా ఇదీ ఆ తీర్పులోని తర్కం.

ఈ వాదనలోని నైతిక బలాన్ని తేలికగా తీసిపారేయలేం. సంఖ్యలో చిన్నదైన సమూహం తన ఆచారాలు, జ్ఞాపకాలు, వృద్ధుల సంరక్షణ వంటివి నిలుపుకోవడానికి ఒకచోట ఉండాలనుకోవడం సహజం. కలిసి జీవించే హక్కులో ఎవరితో కలిసి జీవించాలన్న ఎంపిక కూడా ఉందన్నది కాదనలేని మాట.

కానీ ఇల్లు భజన సమాజం వంటిది కాదు. ఒక భజన సమాజంలో చోటు దక్కనివాడు మరో సమాజం పెట్టుకోగలడు. ఇంటితో బడి, నీరు, రవాణా, ఉపాధి, రాత్రిపూట భద్రత ముడిపడి ఉన్నాయి. మంచి వీధులన్నీ ఒక్కొక్కటిగా ‘మా వారికే’ అని తలుపు మూసుకుంటే, ఏ ఒక్క సంఘమూ విడిగా నేరం చేయకపోయినా, బయట మిగిలినవారికి నగరమే వెలివాడ అవుతుంది. ఒక్కో నిర్ణయాన్ని విడిగా చూస్తే స్వేచ్ఛ, అన్నింటినీ కలిపి చూస్తే బహిష్కరణ. చట్టం విడివిడి నిర్ణయాలను చూస్తుంది. నైతిక విచారణ వాటి మొత్తాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

సహకారోద్యమం తన తొలి సూత్రంగా ప్రకటించుకున్నది స్వచ్ఛంద, బహిరంగ సభ్యత్వాన్ని. ఆ సూత్రం లింగ, సామాజిక, జాతి, రాజకీయ, మత వివక్షను అంగీకరించదు. పరస్పర సహాయం కోసం పుట్టిన వ్యవస్థ పరస్పర పరిచయస్థుల కోటగా మారినప్పుడు, అది చట్టాన్ని ఉల్లంఘించకపోయినా తన మూలసూత్రాన్ని ఉల్లంఘిస్తున్నది.

చట్టం పూర్తిగా మౌనంగా ఉందని కూడా అనలేం. 15వ అధికరణ రెండవ ఖండం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు వంటివాటిని పేర్కొన్నది. ఆ జాబితాలో నివాసగృహం లేదు. పౌరహక్కుల పరిరక్షణ చట్టం (1955) మాత్రం, ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోవడానికి, సంపాదించడానికి, అందులో నివసించడానికి అస్పృశ్యత కారణంగా అడ్డుపడడాన్ని శిక్షార్హం చేసింది. అయితే నగరంలో నిరాకరణ కారణం చెప్పదు. “ఇప్పుడే వేరేవారికి మాటిచ్చాం” అంటుంది. కారణాన్ని రుజువు చేయమనే చట్టానికి, కారణం చెప్పని వివక్ష సులువుగా దొరకదు.

3. వెలికీ విడిగా ఉండడానికీ తేడా

పై చర్చ నుంచి, వేరుగా ఉండడం ఎప్పుడూ అన్యాయమేనన్న నిర్ణయానికి వస్తే మరో చిక్కు ఎదురవుతుంది. దానిని అర్థం చేసుకోవడానికి అంబేడ్కర్ జీవితం, రచనలు ఉపకరిస్తాయి. విదేశంలో చదువుకుని బరోడా సంస్థాన ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్‌కు ఉండడానికి చోటు దొరకలేదు. ఒక పార్శీ వసతిగృహంలో పేరు మార్చుకుని ఉండవలసి వచ్చింది. సంగతి తెలిసి కర్రలతో వచ్చినవారు ఆయనను ఖాళీ చేయించారు. ఉద్యోగం, జీతం, చదువు ఉన్నా చోటు లేకపోవడం ఎలా ఉంటుందో ఆయన స్వయంగా అనుభవించారు.

అదే అంబేడ్కర్ నాయకత్వాన 1942 నాగపూర్ సమావేశం అణగారిన కులాలకు ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో ఆయన రూపొందించిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ వినతిపత్రం కూడా ఇందుకోసం ఒక స్థిరనివాస కమిషన్‌ను ప్రతిపాదించింది. చోటు నిరాకరించడాన్ని అన్యాయమన్న వ్యక్తి, వేరుగా చోటు కోరడం పరస్పర విరుద్ధమా?

విరుద్ధం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వెలివాడ ఊరికి బయట ఉన్నా ఊరి అధీనంలోనే ఉంది. అక్కడి మనిషి శ్రమ ఊరికి కావాలి, అతని సాన్నిహిత్యం అక్కరలేదు. అంబేడ్కర్ కోరిన ప్రత్యేక గ్రామం సాగుభూమితో కూడినది. ఊరి భూస్వామి మీద ఆధారపడనవసరం లేని జీవనాన్ని ఆయన కోరారు. పటంలో రెండూ ఊరికి దూరంగానే కనిపిస్తాయి. ఒకటి ఊరు విధించిన దూరం, రెండోది ఊరి పెత్తనం నుంచి తీసుకున్న దూరం.

తెలుగు నేలపై దీనికి నిదర్శనం కారంచేడు. 1985 జూలై 17న జరిగిన దాడి తరువాత అక్కడి మాదిగ కుటుంబాలు చీరాలకు తరలివెళ్ళాయి. తిరిగి ఊళ్ళోకి రావడానికి నిరాకరించి, చీరాలలోనే నివాసం ఏర్పరచుకున్నాయి. ‘అందరూ కలిసి ఉండాలి’ అన్న సూత్రాన్ని పట్టుకుని ఆ కుటుంబాలను వెనక్కి రమ్మనడం సమానత్వం కాదు. దాడికి గురైనవారి మీదనే సామరస్య భారాన్ని మోపడం అవుతుంది. నిర్ణయం ఎవరిది, భారం ఎవరిది అన్న ప్రశ్నలు ఇక్కడ స్పష్టమైన సమాధానాన్నిస్తున్నాయి. బలవంతుడు తలుపు మూయడం, బలహీనుడు తనకొక తలుపు కట్టుకోవడం ఒకే తూకంలో తూగవు. జొరాస్ట్రియన్ సంఘం వివాదంలోని క్లిష్టత కూడా ఇక్కడే ఉంది. సంఖ్యలో చిన్నదైన సమూహం అన్ని సందర్భాల్లోనూ బలహీనమైనది కాదు, అలాగని దాని భయం అబద్ధమూ కాదు.

4. కలిపి ఉంచడంలోని భారం

ఎంపికను వ్యక్తులకు వదలకుండా, రాజ్యమే పొరుగును కూర్చిన ప్రయోగం సింగపూర్‌లో కనిపిస్తుంది. అక్కడి ప్రజల్లో అత్యధికులు ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లలో నివసిస్తారు. 1989 నుంచి ప్రతి భవనంలోనూ, ప్రతి నివాసప్రాంతంలోనూ చైనీయులు, మలయులు, భారతీయులు తదితరుల వాటాకు పరిమితి విధించారు. అక్కడ స్థిరపడిన తెలుగువారు కూడా ‘భారతీయులు, ఇతరులు’ అన్న వర్గంలో ఈ లెక్కలోకి వస్తారు. ఒకే జాతివారు ఒకేచోట గుమికూడకుండా చూడడంలో ఈ విధానం ఉద్దేశం మెచ్చదగినదే.

కానీ ఒక భవనంలో ఏదైనా వర్గం పరిమితి నిండితే, అల్పసంఖ్యాక కుటుంబం తన ఫ్లాటును ఆ వర్గంవారికి అమ్మలేదు. కొనేవారు తక్కువ కావడంతో ధర తగ్గవచ్చు, అమ్మకం ఆలస్యం కావచ్చు. ఈ ఇబ్బందిని గుర్తించిన ప్రభుత్వం 2022లో అలాంటి కొన్ని ఫ్లాట్లను తానే తిరిగి కొనే ఏర్పాటు చేసింది. సమైక్యత అందరికీ మేలు చేస్తుంది, దాని ఖర్చు మాత్రం ప్రధానంగా చిన్న సమూహం భరిస్తుంది. వేరుచేయడాన్ని తూచిన ప్రమాణంతోనే కలపడాన్ని కూడా తూచాలని ఈ ఉదాహరణ సూచిస్తున్నది.

5. ఇళ్ళ లెక్క, పొరుగు లెక్క

ఈ ప్రమాణాన్ని మన గృహవసతి పథకాలకు అన్వయించి చూడాలి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడినప్పటి నుంచి పేదల ఇళ్ళ నిర్మాణం ప్రభుత్వాల ప్రధాన కార్యక్రమంగా కొనసాగింది. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకం, తెలంగాణలో 2015 నుంచి రెండు పడకగదుల ఇళ్ళు, ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన సుమారు 30 లక్షల ఇళ్ళ పట్టాల పంపిణీ ఈ క్రమంలోనివే. పట్టాలను స్త్రీల పేరిట ఇవ్వడం సమానత్వ దిశలో వేసిన గట్టి అడుగు. ఇంటి మీద హక్కు ఉన్న స్త్రీని ఇంట్లోంచి వెళ్ళగొట్టడం అంత తేలిక కాదు.

అయినా అనేక గ్రామాల్లో కొత్త ఇళ్ళు పాత వెలివాడ పక్కనే, దాని కొనసాగింపుగా లేచాయి. ‘ఎస్సీ కాలనీ’, ‘బీసీ కాలనీ’ అన్న పేర్లు చిరునామాలో స్థిరపడ్డాయి. పూరిగుడిసె స్థానంలో పక్కా ఇల్లు వచ్చింది, హద్దు కూడా పక్కా అయింది. ఇక్కడ ద్వేషంతో ఎవరూ నిర్ణయం తీసుకోనక్కరలేదు. తక్కువ ధరకు దొరికే భూమిని వెతికితే చాలు, అది ఊరి అంచునే దొరుకుతుంది.

హైదరాబాద్‌లో 2023లో రెండు పడకగదుల ఇళ్ళ లబ్ధిదారులను లాటరీ ద్వారా ఎంపిక చేశారు. నైతికంగా ఇది ఆలోచించదగిన పద్ధతి. లాటరీ ఇంటిపేరు అడగదు. ఎవరి పక్కన ఎవరుండాలో నిర్ణయించే అధికారం ఎవరి ఇష్టాయిష్టాలకూ దక్కదు. కులం విధించిన పొరుగును ఇది కొంతమేరకు చెదరగొట్టగలదు. కానీ నగర శివారు కొల్లూరులో 15 వేలకు పైగా ఫ్లాట్లు ఒకేచోట కట్టినప్పుడు, ఆ కలయిక పేదల మధ్యనే జరుగుతుంది. ఇళ్ళలో పనిచేసే స్త్రీకి, అడ్డా మీద కూలికి నిలబడే మనిషికి పని దొరికే చోటు దూరమవుతుంది. కులాల మధ్య గోడ కొంత పలచబడినా, వర్గాల మధ్య గోడ ఊరి అంచుకు జరిగి అక్కడ నిలబడుతుంది. నిర్ణయం రాజ్యానిది, బస్సు ఛార్జీల రూపంలో భారం లబ్ధిదారుది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, పొరుగును ఎంచుకునే హక్కు ఉంది కానీ అది ఇతరుల చోటును హరించేంత విశాలమైనది కాదు. రెండు, వేరుగా ఉండడం, కలిసి ఉండడం అనేవి స్వతహాగా విలువలు కావు. నిర్ణయాధికారం, భారం ఎలా పంపిణీ అయ్యాయన్న దానిని బట్టి వాటికి విలువ వస్తుంది. మూడు, గృహవసతిలో సమానత్వాన్ని కట్టిన ఇళ్ళ సంఖ్యతో మాత్రమే కొలవడం అసంపూర్ణం. ఇల్లు పొందిన మనిషికి బడి, పని, వీధి, పొరుగు కూడా దక్కాయా అన్నది ఆ కొలతలో భాగం కావాలి.

‘ఇరుగుపొరుగు’ అన్న జంటపదంలో పెద్దా చిన్నా తేడా లేదు. ఇరుగుకు పొరుగు ఎంతో, పొరుగుకు ఇరుగూ అంతే. ‘ఊరు, వాడ’ అన్న జంటలో ఆ సమానత లేదు. నివాసాన్ని గురించి తెలుగు భాష దాచిపెట్టిన ఈ రెండు ఊహలను విడదీసి చూపడం సాహిత్య పరిశోధన చేయగల పని. ఇళ్ళు కట్టే ప్రభుత్వాలు, సభ్యత్వాలిచ్చే సంఘాలు తాము ఈ రెండింటిలో దేనిని కడుతున్నామో ప్రతి స్థలసేకరణలోనూ, ప్రతి ఉపనియమంలోనూ తేల్చుకోవలసి ఉంటుంది.