స్మృతియు అనుభవమును

సముద్రమున మునుగువాని మణికట్టునందలి గణకయంత్రము, సుమారు 10 మీటర్లకొక వాతావరణపీడనము చొప్పున హెచ్చు ఒత్తిడిని గ్రహించి, దేహమున లీనమగు నైట్రోజనును లెక్కించి, ఎప్పుడు, ఎంత మెల్లగా పైకి రావలెనో తెలుపును. ఆ లెక్కలను ఇంటి కంప్యూటరునకు చేర్చు తీగను స్వయముగా కట్టుకొనువారు గలరు. యూఎస్‌బీని సీరియల్ సంకేతముగా మార్చు చిప్పు, యంత్రపు స్పర్శబిందువులకు ఆనెడి లోహపు మొనలు, సంకేతమునకును గ్రౌండునకును తీగలు, ఇంతియే సామగ్రి. అయినను చిన్న బ్యాటరీపై నడచు యంత్రమునకు 5 వోల్టులు తగిలినచో చెడిపోవచ్చును గనుక, ముందుగా మీటరుతో చూచుకొనుట మిక్కిలి ముఖ్యము.

ఆ తీగ వెంట దిగివచ్చునది నిమజ్జనమేనా? లోతు, కాలము, ఉష్ణోగ్రత వచ్చును. నీలిమ రాదు, నిశ్శబ్దము రాదు. వచ్చునది మునక యొక్క స్మృతియే, అనుభవము కాదు. మన తార్కికుడు అన్నంభట్టు తర్కసంగ్రహమున జ్ఞానమును స్మృతియనియు అనుభవమనియు విభజించి, పూర్వానుభవపు ముద్రయగు సంస్కారమాత్రమున పుట్టినదానిని స్మృతియనెను. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, జ్ఞాపకము అడ్డుపడినంతకాలము ఎదుటనున్నదానిని యథార్థముగా చూడజాలమని జీవితాంతము బోధించెను.

ఆ బోధ నాకు పూజ్యము. కాని మునుగువాని విషయమున స్మృతిని తోసివేయుట తగదు, ఏలయన మొదటి మునకనాటి నైట్రోజను రెండవ మునకవేళకును దేహమున మిగిలియుండును, దానిని మరచినవాడు ప్రాణముమీదికే తెచ్చుకొనును. అట్లని స్మృతియొక్కటియే చాలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పములు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నవి. ఇచ్చట గాలిపీడనము తక్కువ గనుక, కడలి మట్టమునకు కట్టిన లెక్క ఈ సీమ చెరువున మునుగువానికి చెల్లదు, యంత్రము ఈ క్షణపు గాలిని మరల కొలిచియే తీరవలెను.