అద్దాల గదిలో ‘నేను’

‘నేనెవరిని?’ అన్న ప్రశ్న ఒకప్పుడు వేదాంతులది. నేటి కళాకారులూ దాన్ని చేపట్టారు. జపాన్ కళాకారిణి యయోయ్ కుసామా 1965లో న్యూయార్కులో అద్దాల గది నిర్మించింది. అందులో అడుగుపెట్టిన ప్రేక్షకుడికి తన రూపమే అనంతంగా కనిపిస్తుంది; చూసేవాడే కళాఖండంలో భాగమవుతాడు. ఇది కళలో ముందడుగే, కాదనలేం.

కాని మనిషి తన్ను తాను తెలుసుకోవడానికి తన ప్రతిబింబం చాలునా? మయసభలో సుయోధనుణ్ణి తడబడేట్టు చేసింది స్ఫటికమే. అతని అహాన్ని గాయపరచింది మాత్రం చుట్టూ ఉన్నవారి నవ్వు. ‘నేను’ అనేది ఇతరుల చూపులో, పిలుపులో, శ్రమలో రూపొందుతుంది.

పటాన్‌చెరు సమీపాన పాశమైలారంలో 2025 జూన్ 30న ఔషధ పరిశ్రమ కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా మరణించారు. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు వారిలో ఎందరో. ఆనవాలు పట్టలేనంతగా కాలిన దేహాలకు బంధువుల డి.ఎన్.ఎ.తో పోల్చి పేర్లు నిర్ణయించవలసివచ్చింది. కొందరి అవశేషాలు దొరకనే లేదు. ‘వీడు మావాడు’ అని చెప్పడానికి అక్కడ మరో మనిషి రక్తం అవసరమైంది.

మనం మింగే మాత్రలో కలిసే పొడి అక్కడ తయారయ్యేది. తయారుచేసినవారి పేర్లు, వారు బతికుండగా, మనం అడగలేదు. ఎవరి శ్రమపై మన ‘నేను’ నిలిచి ఉందో చూపని అద్దం సగమే చూపుతుంది. మిగతా సగాన్ని చూపే బాధ్యత కళది. చూడవలసిన బాధ్యత మనది.