ఆగే బండి

అనకాపల్లి నుంచి విశాఖపట్నానికి పాసింజరులో వస్తూంటే, దారిలో ఓ చిన్న స్టేషన్లో బండి లూపులైన్లోకి తప్పుకుని ఊరుకుంది.

"ఎనకాల ఎస్‌ప్రెస్ ఒస్తంది కాబోలు తల్లీ. అదెల్లిపోతే గానీ మనది కదల్దు" అంది ఎదురుగా తోటకూర గంపతో కూర్చున్న ముసలమ్మ.

వేగం తప్పని నేననను. 2023 సంక్రాంతినాడు మొదలైన వందే భారత్, సికింద్రాబాదు నుంచి దాదాపు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో లాక్కొచ్చేసింది. ఊరూరా ఆపితే అదెలా సాధ్యం? అయితే కశింకోట, తాడి లాంటి ఊళ్ళవాళ్ళకి దాని కూత తప్ప ఇంకేం దక్కుతుంది? వాళ్ళకి పాసింజరే దిక్కు. 2020లో కరోనాకి ఆగిన ఆ బళ్ళు తిరిగొచ్చాక కనీసం టిక్కెట్టు 10 రూపాయలల్లా 30 అయింది. మళ్ళీ 10కి దిగింది 2024లోనే.

మన ఇళ్ళల్లో మాత్రం? ఆఫీసు బండికీ, కాలేజీ బండికీ దారిచ్చి, ప్రతి పిలుపుకీ ఆగే పాసింజరు ఒకటుంటుంది. పొద్దుటి కాఫీ అది పదకొండింటికి తాగుతుంది. ఒకరికోసం ఒకరు ఆగడం సంసారంలో మామూలే. కానీ ఆగే వంతు ఎప్పుడూ ఒక్కరికే వస్తే, దాన్ని సర్దుకుపోవడం అనొచ్చునా? ఆ అరగంటలన్నీ ఎవరి ఖాతాలో రాసుకోవాలి?

ఎక్స్‌ప్రెస్సు దడదడలాడిస్తూ వెళ్ళిపోయింది. ముసలమ్మ సీసాలో నీళ్ళు దోసిట్లోకి వంపుకుని తోటకూరమీద చిలకరించింది.

"ఈయేలకి బజార్లో బేరాలైపోతాయి" అంది, ఎవరినీ ఏమీ అనకుండానే.