పాత బండికి క్రొత్త ఇంజను

చదువవలసిన భాగములు: యెహెజ్కేలు 36:25–36, లూకా 19:1–10



అంబాసిడరు కారును ఎరుగనివారు మనలో అరుదు. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాను అనుసరించి, పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారమున 1950ల చివర మొదలైన దాని నిర్మాణము 2014లో నిలిచిపోయెను. కలెక్టరుగారి కచేరీ ముందును, మిషను ఆసుపత్రి వాకిటను, పెండ్లివారి పందిరి ప్రక్కను అదే బండి నిలిచియుండెడిది. దాని దేహము గట్టిది. ముందుగా అలసిపోవునది ఇంజను. బహుకాలము అందులో ఉండినది 1489 సి.సి. పెట్రోలు ఇంజను, బలము సుమారు 50 అశ్వశక్తి. 1990ల ఆరంభమున ఆ కంపెనీవారే అదే దేహములో జపానువారి ఇసుజు నమూనా 1.8 లీటర్ల ఇంజనును అమర్చగా, బలము సుమారు 75 అశ్వశక్తికి పెరిగెను. అయితే వారు ఇంజను మాత్రమే మార్చి ఊరకుండలేదు. నాలుగు గేర్లకు బదులు అయిదు గేర్ల పెట్టెను పెట్టిరి. స్టీరింగు ప్రక్కనుండిన గేరు కడ్డీని క్రిందికి దించిరి.

కర్మాగారము చేసిన పనినే ఊరి షెడ్లలో మేస్త్రీలును చేయసాగిరి. ఆ పనిని దగ్గర నిలిచి చూచినవాడను గనుక కొంచెము చెప్పెదను. క్రొత్త ఇంజను పాత దిమ్మెల మీద కూర్చుండదు. వాటిని కోసి, వేరుగా అతికింపవలెను. వెనుక చక్రములకు బలమును మోసికొనిపోవు ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిపోదు. పాత రేడియేటరు ఎక్కువ వేడిని చల్లార్చలేదు. క్లచ్చి, సైలెన్సరు, వైర్లు అన్నియు వరుసగా వచ్చి తమ మాట చెప్పుకొనును. పని ముగిసిన తరువాత రవాణా కార్యాలయమువారు బండిని చూచి, రిజిస్ట్రేషను పుస్తకములో ఇంజను నెంబరును మార్చి వ్రాయుదురు. ఛాసిస్ నెంబరు మాత్రము పాతదే. ఇది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. తార్సువాడైన సౌలు మారుమనస్సు పొందిన తరువాతను తార్సువాడే. అతని చదువు, అతని పౌరసత్వము, గుడారములు కుట్టు అతని చేతిపని దేవుడు తీసివేయలేదు.

మా సంఘమునకు 1974 నాటి అంబాసిడరు ఒకటి ఉండెడిది. 1996లో దాని ఇంజను పూర్తిగా అరిగిపోయి, ఎత్తు వచ్చినచోట ఉపదేశిగారు దిగి నడువవలసి వచ్చుచుండెను. చందాలు పోగుచేసి, విరిచివేసిన ఒక కాంటెస్సా కారునుండి తీసిన ఇసుజు పెట్రోలు ఇంజనును కొంటిమి. అమర్చిన మేస్త్రీ నాతో, “అయ్యగారూ, ఈ ఇంజనుకు ఆ పాత బ్రేకులు చాలవండి. డ్రమ్ములు అరిగిపోయాయి, లైనింగులు మార్చాలి. అది కూడా చేసేద్దామండి” అనెను. డబ్బు అయిపోయినది. “బండి నడువనిమ్ము, బ్రేకుల సంగతి పంటల పండుగ కానుకలు వచ్చిన తరువాత చూతము” అని నేనే అంటిని. ఆ మాట కమిటీది కాదు, నాది.

అరకులో మూడు దినముల కూటములు ముగించుకొని అనంతగిరి ఘాటు రోడ్డున శృంగవరపుకోట వైపునకు దిగుచుంటిమి. ఎక్కునప్పుడు బండి ఎంత తేలికగా ఎక్కినదో! ఆ సంతోషములోనే దిగుట మొదలిడితిమి. వేగము ఒకటిన్నర రెట్లయినచో, అనగా గంటకు 60 కిలోమీటర్లు 90 అయినచో, బ్రేకులు అణపవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లగును. ఆ శక్తి అంతయు డ్రమ్ములలో వేడిగా మారవలసినదే. మితిమీరి వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనింగునకు దూరమగును. లైనింగు తన పట్టును కోలుపోవును. కాఫీ తోటల నడుమ ఒక మలుపులో డ్రైవరు పెడలును నేలవరకు త్రొక్కెను, బండి ఆగలేదు. అతడు రెండవ గేరులోనికి దించి, కొండవైపు కాలువలోనికి బండిని ఒరగించెను. లోయవైపు పోనందున నేడు ఇది వ్రాయుచున్నాను. వృద్ధుడైన మా ఉపదేశిగారి కుడిచేయి విరిగెను. ఆయన నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండినయెడల నాకు కొంత సులువుగా నుండెడిది.

ఆసుపత్రి వరండాలో కూర్చుండి యెహెజ్కేలు గ్రంథము ముప్పదియారవ అధ్యాయమును తెరచితిని. అరకులో నేను మూడు దినములు ప్రసంగించినది ఆ అధ్యాయము మీదనే. రాతివంటి గుండెకు బదులు మెత్తని గుండెను ఇత్తునను వాగ్దానము ఇరువదియారవ వచనములో ఉన్నది; నేను అక్కడ ఆగి కన్నీళ్లతో బోధించితిని. తరువాతి వచనమును చదివితిని గాని బోధింపలేదు. అందులో దేవుడు తన ఆత్మను వారిలో ఉంచి తన కట్టడలలో నడిపింతునని సెలవిచ్చుచున్నాడు. ఇంకను క్రిందికి పోగా ధాన్యము, చెట్ల ఫలము, పొలము పంట, మరల కట్టబడు పట్టణములు, పాడుపడి మరల దున్నబడు భూమి కనబడును. గుండె మార్పిడిని చెప్పిన అధ్యాయము పొలము గట్టుమీదికి వచ్చి నిలుచున్నది. మన ఉజ్జీవ కూటములలో ఈ వచనములను ఎందుకో తొందరగా దాటిపోవుదుము.

పొలము అను మాట నన్ను పొడిచెను. మా తండ్రిగారు పోయినప్పుడు ఉన్న రెండెకరములను నేనును తమ్ముడును పంచుకొంటిమి. పెద్దవాడనను హక్కుతో బోరు ఉన్న వైపు నేను తీసికొంటిని. అతని చెక్క వానను నమ్ముకొని యుండెను. అప్పటికి తొమ్మిది సంవత్సరములు. ఆ తొమ్మిదేండ్లలో నేను ఎన్నిమార్లు ఆత్మలో బలపడితినని సాక్ష్యమిచ్చితినో లెక్క లేదు. బలపడిన ప్రతిమారు నా నాలుక ఇంకను వేగముగా పరుగెత్తెడిది. తమ్ముడు సంఘమునకు రాడని పదిమందిలో ప్రార్థన మనవిగా చెప్పెడివాడను. అతడు ఎందుకు రాడో నాకు తెలియును.

యెరికో సుంకరి జక్కయ్యను చూడుడి. ప్రభువు అతని ఇంట బస చేయుట ఆ కుటుంబమునకు కలిగిన క్రొత్త జీవము. జక్కయ్య నిలువబడి తన ఆస్తిలో సగము బీదలకనియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలనియు లెక్క చెప్పెను. ఈ లెక్క అతని రక్షణకు వెల కాదు. మన లూథరు, బాప్తిస్టు పెద్దలు ఈ విషయమున మనలను సరిగానే హెచ్చరించిరి. అయినను లోపలికి వచ్చినది నిజమైన బలము గనుక అతని డబ్బుసంచి, అతని లెక్కల పుస్తకము పాతవిగా ఉండజాలలేదు. కానుకలు వచ్చిన తరువాత చూతమని అతడు అనలేదు.

మేస్త్రీ ఈసారి నన్ను అడుగకయే డ్రమ్ములు మార్చి, లైనింగులు వేసెను. డబ్బు నాలుగు నెలలలో తీర్చితిని. నేను తమ్ముని ఇంటికి పోయి, బోరు నీరు రోజు విడిచి రోజు అతనిదనియు, కరెంటు బిల్లు నేను కట్టుదుననియు చెప్పితిని. నాలుగంతలు ఇయ్యలేదని ఒప్పుకొనుచున్నాను. అతడు లోనికి రమ్మనలేదు. వసారాలో కుర్చీ వేసి, తాను నిలువబడియే వినెను. మరదలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చి లోపలికి పోయెను. రెండవమారు పోయినప్పుడును అంతే. ఆ ఏడు నారు పోయు దినములలో ఒక ఉదయము అతడే మా వాకిటికి వచ్చి, చెప్పులు విడువకయే, “అన్నయ్యా, మోటారు నేడు వేయనా, రేపు వేయనా?” అని అడిగెను.