కొసరు ఎవరికి చెందాలి? : ఓడ ప్రయాణంలో అదనపు ఖర్చుల నైతికత

ప్రవేశిక

తెలుగు అంగడి భాషలో ‘కొసరు’ అనే మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది. ధర కుదిరి, కొలత పూర్తయిన తరువాత అమ్మేవారు కొనేవారికి ఊరికే ఇచ్చే కొంచెమే కొసరు. పాలు కొలిచి పోసినామె చెంబులో మరికాస్త ఒంపుతుంది. వంకాయలు తూచినవాడు చివర ఒకటి సంచిలో పడేస్తాడు. మూర కొలిచిన మల్లెలకు మరో నాలుగు పూలు చేరతాయి. ‘కొసరి కొసరి వడ్డించడం’ అన్న పలుకుబడిలో ఈ మాటే అంగడి నుంచి అన్నం విస్తరి దాకా వచ్చింది.

నేటి విహారనౌకల వ్యాపారంలోనూ ధర కుదిరిన తరువాత వచ్చే కొంచెం ఉంది. అయితే దాని దిశ వేరు. అక్కడ టికెట్ సొమ్ము చెల్లించి ఓడ ఎక్కిన ప్రయాణికుడే పానీయాలకు, ఇంటర్నెట్‌కు, ఫోటోలకు, ప్రత్యేక భోజనశాలలకు, రేవుల్లో దిగి చేసే విహారాలకు మళ్లీ మళ్లీ చెల్లిస్తాడు. ధర ముగిసినచోట కొసరు మొదలైతే, టికెట్ ముగిసినచోట ‘అదనం’ మొదలవుతోంది. ఈ తారుమారు వ్యాపార పద్ధతిలో వచ్చిన మార్పు మాత్రమేనా, లేక నైతికంగా ఆక్షేపించదగినది ఇందులో ఏమైనా ఉందా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించే ప్రశ్న. ఇందుకు తెలుగు సాహిత్యం, ధర్మశాస్త్రం, గోదావరి మీది పాపికొండల విహారం ఆధారాలుగా తీసుకున్నాను.

ఒక్క రూకలో ఇమిడిన భోజనం

అన్నీ కలిపి ఒకే ధర అన్న ఊహ మనకు కొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూటి ఇంటి భోజనాన్ని వర్ణించే పద్యం ఉంది. అందులో వంటకాలన్నీ వరసగా వచ్చి, వాటన్నిటికీ ధర ఒక రూక అన్న మాట చివర వస్తుంది. ఈ క్రమం గమనించదగినది. ఇచ్చేదంతా చెప్పిన తరువాత ధర చెప్పడం వల్ల ఆ ధర జాబితాకు ముద్ర వేస్తుంది. ఆ తరువాత అడగవలసింది ఏమీ మిగలదు.

ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్రచరిత్ర’ ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూపుతుంది. 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన, ఏ మజిలీలో అంగళ్లు ఉన్నాయో, ఏ వస్తువులు దొరుకుతాయో, క్షేత్రాల్లో ఎవరికి ఏమి ఇవ్వవలసి వస్తుందో శ్రద్ధగా నమోదు చేశాడు. యాత్రలో అదనపు ఖర్చులు ఉంటాయని ఆయనకు తెలుసు. ఆయన వాటిని ఖండించడం కన్నా ముందుగా తెలియజేయడానికే ఎక్కువ పూనుకున్నాడు. తన వెనుక రాబోయేవాడు తెలియక ఇరుక్కోకూడదన్న బాధ్యత ఆ వివరాల్లో ఉంది. రూక పద్యం ధరను ముగిస్తుంది, వీరాస్వామయ్య ముగియని ధరను బయటపెడతాడు. రెండూ ప్రయాణికుడి పక్షాన నిలిచే పద్ధతులే.

ఓడలో అదనం

ఆంధ్ర తీరానికి విహారనౌక ఇప్పుడు దూరపు మాట కాదు. 2022 జూన్‌లో కార్డీలియా నౌక విశాఖపట్నం నుంచి ప్రయాణికులతో బయలుదేరింది. 2023 సెప్టెంబరులో విశాఖ నౌకాశ్రయంలో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అలాస్కా, కరేబియన్ నౌకావిహారాలు పరిచితమైనవే.

ఈ వ్యాపారంలో అదనం పక్కపద్దు కాదు. ప్రపంచంలోని అతి పెద్ద సంస్థ కార్నివాల్ 2023 లెక్కల్లో మొత్తం ఆదాయం సుమారు 2,160 కోట్ల డాలర్లయితే, ఓడలోని అమ్మకాలు, ఇతర పద్దుల కింద వచ్చింది దాదాపు 750 కోట్లు. అంటే మూడోవంతుకు మించి టికెట్‌కు బయట వచ్చిన సొమ్మే. చాలా ఓడల్లో గది తలుపు తెరిచే కార్డే ఓడలోని డబ్బు కూడా. సొమ్ము చేయి మారడం కనబడదు, చివరి రోజున పద్దు మాత్రం వస్తుంది. సిబ్బందికి ఇచ్చే పారితోషికం రోజువారీగా ఖాతాలో చేరడం అనేక సంస్థల్లో మామూలు. రేవుల్లో ఏ దుకాణంలో కొనాలో ఓడలోనే ఉపన్యాసాలు చెప్పి, ప్రచారానికి సొమ్ము చెల్లించిన దుకాణాలను సిఫారసు చేసే పద్ధతీ ఉంది.

ఈ అదనాలను మూడు రకాలుగా విభజించవచ్చు. మొదటిది విలాసం: మర్దన, జూదశాల, ఖరీదైన భోజనం. కావలసినవాడు కొంటాడు, వద్దనుకున్నవాడికి లోటు లేదు. రెండవది, ప్రయాణంలోనే భాగమని ఎవరైనా సహజంగా అనుకునేది: ఇంటివారితో మాట్లాడుకునే వీలు, పక్క పరిచేవాడి జీతం. మూడవది భయం మీద ఆధారపడిన అదనం. ఓడవారి ద్వారా వెళ్లిన విహారం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవారి కోసం ఆగనవసరం లేదు. ఈ నియమానికి కారణం ఉంది, నౌక వేళ తప్పితే నష్టం అందరిదీ. అయినా ఆ నియమం ప్రయాణికుడి మనస్సులో పనిచేసే తీరు వేరు. అతడు కొనేది కోటను చూడడం కాదు, వెనుక మిగిలిపోకుండా ఉండడం.

రేవు, అంగడి, నిక్షేపం

ఇక్కడ అసలు ప్రశ్న సమ్మతిది. ఎవరూ బలవంతం చేయలేదు కనుక ప్రయాణికుడి సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదే అనవచ్చునా?

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోని మూడు విషయాలు ఈ చర్చకు తోడ్పడతాయి. మొదటిది రేవు సుంకం. వస్తువుల ధరల సంగతి అలా ఉంచి, నది దాటించే కూలిని ఆ అధ్యాయం విడిగా నిర్ణయిస్తుంది. గర్భిణికి, సన్న్యాసికి మినహాయింపు ఇస్తుంది. నావికుల దోషం వల్ల పడవలో వస్తువు పాడైతే నావికులందరూ కలిసి భరించాలంటుంది. ఆ మినహాయింపుల్లో వర్ణ పక్షపాతం ఉన్నమాట నిజమే. అయినా వాటి వెనుక ఉన్న గుర్తింపు విలువైనది: అంగడిలో నచ్చకపోతే పక్క అంగడికి పోవచ్చు, నది నడుమ పక్క పడవ ఉండదు. పెనుగొండ మండలంలోని సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరిని చూసినవారికి, నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు ఎక్కినవారికి ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు. పంటు బయలుదేరిన తరువాత కూలి పెంచి అడిగేవాణ్ణి బేరగాడని ఎవరూ అనరు.

రెండవది క్రయవిక్రయానుశయం. కొన్నాక గాని అమ్మాక గాని మనసు మారితే పది రోజుల లోపల వస్తువును తిరిగి ఇవ్వవచ్చు, తీసుకోవచ్చు అన్నది మనువు చెప్పిన నియమం. సమ్మతి ఒక్క క్షణంలో పూర్తయ్యేది కాదని, పశ్చాత్తాపానికి గడువు ఇచ్చినప్పుడే అది నిండుతుందని దీని భావం. రేవులో ఓడ ఆగేది కొద్ది గంటలు. ఆ లోపల కొన్న నగ మీద మరునాడు సందేహం కలిగితే దుకాణం సముద్రానికి ఆవలిగట్టున ఉంటుంది.

ఈ గడువు విలువ పెనుగొండకు తెలిసినదే. ఆర్యవైశ్యులకు పుణ్యక్షేత్రమైన ఈ ఊరి వాసవీ కన్యకాపరమేశ్వరి కథలో, విష్ణువర్ధనుడు కన్యను కోరినప్పుడు కుసుమశ్రేష్ఠి వెంటనే బదులు చెప్పక తనవారితో ఆలోచించడానికి వ్యవధి అడుగుతాడు. 714 గోత్రాలవారు సమావేశమై చర్చించగా 102 గోత్రాలవారు నిరాకరణ వైపు నిలిచారని సంప్రదాయం. ప్రాణాల మీదికి వచ్చిన ఆ సందర్భానికి ఓడలోని కొనుగోళ్లతో పోలిక లేదు. కథ నిలబెట్టిన ఒక్క సూత్రమే ఇక్కడ ప్రస్తుతం. అడిగినవాడి ఎదుట కాక, తనవారి నడుమ, తగిన వ్యవధిలో ఆలోచించి చెప్పిన మాటే సమ్మతి అయినా నిరాకరణ అయినా.

మూడవది నిక్షేపం, అంటే నమ్మి అప్పగించిన సొత్తు. వ్యవహారపదాల్లో ఋణాదానం తరువాత మనువు చెప్పేది దీనినే. ఓడ ఎక్కినవాడు కొనుగోలుదారు మాత్రమే కాదు, తన ప్రాణాన్ని అప్పగించినవాడు కూడా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో విహారపడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయినప్పుడు ఈ సత్యం అతి దారుణంగా బయటపడింది. సరంగుకూ ప్రయాణికుడికీ మధ్య ఉన్నది మొదట రక్షణ సంబంధం, ఆ తరువాతే వ్యాపారం. తన రక్షణలో ఉన్నవాడికి వస్తువు అమ్మేవాడు, వీధిలో వెళ్లేవాడికి అమ్మేవాడితో సమానుడు కాడు. అతడి మీద నియమం మరింత గట్టిగా ఉండాలి.

ప్రవరుడి నిరాకరణ

‘వద్దనే స్వేచ్ఛ ప్రయాణికుడికి ఎప్పుడూ ఉంది కదా’ అన్నది ఇందుకు వచ్చే ప్రధాన ఆక్షేపణ. దీనికి మన సాహిత్యంలో గొప్ప ఉదాహరణ ప్రవరుడు. పెద్దన ‘మనుచరిత్ర’లో అతడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి వెళ్తాడు. చూసి తిరిగిరావాలన్నదే అతని తలంపు. లేపం మంచుకు కరిగిపోతుంది. దారి అడిగినవాడికి వరూధిని దారికి బదులు తననే ఇవ్వజూపుతుంది. దిక్కుతోచని చోట, తిరిగిపోయే సాధనం లేని వేళ, ప్రవరుడు నిరాకరిస్తాడు. కనుక నిస్సహాయస్థితి ఇచ్ఛాశక్తిని రద్దు చేయదన్న మాట నిజం.

అయితే ఆ నిరాకరణ తెలుగు పాఠకుల మనస్సులో శతాబ్దాలుగా నిలిచిందంటే అది అసాధారణం కావడం వల్లనే. ప్రవరుడు ఆదర్శం కాగలడు. అందరూ ప్రవరులై ఉంటారన్న ఊహ మీద వ్యాపారనీతిని నిర్మించలేము. పైగా, ఓడ వ్యాపారం అదనాల ఆదాయాన్ని ముందుగానే లెక్కవేసుకుంటుంది. అధికశాతం నిరాకరించరన్నది దాని అంచనా. నిరాకరించే స్వేచ్ఛను సమర్థనగా చూపుతూ, నిరాకరించకపోవడం మీద లాభం లెక్కవేయడం పొసగదు.

మరో ఆక్షేపణకు ఎక్కువ బలం ఉంది. అదనాలు కొనేవారి వల్లనే టికెట్ ధర తగ్గి, సామాన్యుడూ ఓడ ఎక్కగలుగుతున్నాడు. దీన్ని చాలావరకు అంగీకరించవలసిందే. విలాసం కోరినవాడు ఎక్కువ చెల్లించడంలో అన్యాయం లేదు. కానీ ఈ సమర్థన మొదటి రకం అదనాలకే చెల్లుతుంది. రెండవ, మూడవ రకాల విషయంలో, పూర్తి ధర ఎంతో తెలియకుండా ఎక్కిన సామాన్యుడే నష్టపోతాడు.

ఒడ్డు మీద బేరం

ఇంతవరకు ప్రయాణికుడి పక్షాన మాట్లాడాను. ఒడ్డున దిగగానే అతని స్థానం మారుతుంది.

పెనుగొండ నుంచి బంధువులతో కలిసి పాపికొండల విహారానికి వెళ్లినప్పుడు లాంచీలో మా పెద్దమ్మ ప్రతిదానికీ ఒకటే అడిగేది: “ఇది టిక్కెట్టులోదేనా నాయనా, వేరే కట్టాలా?” అల్పాహారం, భోజనం టికెట్‌లోవే. ఫోటోకు వేరే, శీతలపానీయానికి వేరే. ఆ ధరల మీద మాలో ఎవరూ బేరమాడలేదు. నది మధ్య బేరమేమిటన్న సంకోచం మాది. వేలేరుపాడు మండలంలోని పేరంటాలపల్లి దగ్గర లాంచీ కొద్దిసేపు ఆగింది. గుడి చూసి దిగివస్తుంటే కొండరెడ్డి స్త్రీలు వెదురుతో చేసిన పూలు, బొమ్మలు అమ్ముతున్నారు. వంద రూపాయలు చెప్పిన పూలగుత్తిని నేను అరవైకి అడిగాను. లాంచీ కూత వేసింది. ఆమె నా ముఖం చూసి, లాంచీ వైపు చూసి, ఇచ్చేసింది. గెలిచానన్న తృప్తితో లాంచీ ఎక్కాను.

ఆ బేరంలో కాలం నా పక్షాన ఉంది. నాకు ఆ పూలు లేకపోయినా గడుస్తుంది, ఆమెకు ఆ లాంచీ వెళితే కొనేవాడు లేడు. లాంచీ ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది ఆమె కాదు. పడవలు నిలిచిపోయిన రోజుల్లో ఆ ఒడ్డున కొనేవాడే ఉండడు. లాంచీలో నేను ఏ స్థితిలో ఉన్నానో, ఒడ్డున ఆమె సరిగ్గా ఆ స్థితిలో ఉంది. ఆ స్థితిలోని ఇబ్బంది అప్పుడే అనుభవించి దిగిన నేను దానినే ఆమె మీద ప్రయోగించాను. బేరమాడవలసిన చోట మౌనంగా ఉండి, ఆడకూడని చోట నేర్పు చూపడం విహారయాత్రికుల్లో తరచు కనబడే లోపం. కరేబియన్ రేవులో పూసలదండ అమ్మేవాడి ఎదుట నిలిచిన యాత్రికుడికీ ఇది వర్తిస్తుంది.

ముగింపు

కొసరు అమ్మేవాడి నుంచి కొనేవాడికి ఎందుకు వెళ్తుంది? త్రాసు అమ్మేవాడి చేతిలో ఉంటుంది కనుక. తూకంలో పొరపాటు జరిగితే నష్టపోయేది కొనేవాడు కనుక, ఆ సందేహాన్ని తీర్చడానికి అమ్మేవాడు కాస్త మొగ్గు చూపుతాడు. ‘మొగ్గు’ అన్న మాట కూడా త్రాసు నుంచి వచ్చినదే. కనుక కొసరు దాతృత్వం కాదు, బలం ఎటు ఉందో గుర్తించి దానిని సరిచేసే ఆచారం. కొసరు వెళ్లవలసింది త్రాసు చేతిలో లేనివాడి వైపు.

ఈ సూత్రం ప్రకారం ఓడలో కొసరు ప్రయాణికుడికి చెందాలి. ఎక్కకముందే పూర్తి ధర తెలియాలి, ప్రయాణంలో భాగమైనవి ధరలోనే ఉండాలి, మనసు మార్చుకునే గడువు ఉండాలి. ఒడ్డున దిగిన తరువాత కొసరు అమ్మే మనిషికి చెందాలి. అక్కడ త్రాసు ఆమె బుట్టలో లేదు, లాంచీ కూతలో ఉంది. ఆనాడు నేను తగ్గించిన నలభై రూపాయలు ఆమెకు చెందిన కొసరని ఈ పరిశీలన తరువాత గాని నాకు తెలియలేదు.