ఆఖరి ఏడాది ఎవరిది?

లా చదివే మన పిల్లలు సెలవులకు గూడేనికి వచ్చినప్పుడు ఒక మాట తరచుగా వింటున్నాం. ‘చదవాల్సింది రెండేళ్లలోనే అయిపోయింది. ఈ ఆఖరి ఏడాది ఊరికే. హాజరు ఎలాగో సర్దుకుని పరీక్షలు రాస్తే చాలు. ఈలోగా ఏదైనా పని చూసుకుంటాం’ అంటారు.

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. డిగ్రీ అయ్యాక మళ్లీ మూడేళ్లు చదవడమంటే మన ఇళ్లకు చిన్న సంగతి కాదు. తమ్ముడి ఫీజో, చెల్లి పెళ్లో, నాన్న మందులో ఎదురుచూస్తుంటాయి. ఇంటికోసం చదువు ఆపేసిన పిల్లను నిందించే హక్కు ఎవరికీ లేదు.

అమెరికాలోనూ ఈ చర్చ ఉంది. ఒకప్పుడు లా పాఠాలు చెప్పిన ఒబామా, అధ్యక్షుడిగా ఉండగా 2013లో, లా కాలేజీకి రెండేళ్లు చాలునేమో అన్నారు. చదువు ఖర్చు గురించి మాట్లాడుతూ అన్న మాట అది. మూడో ఏడాది లాయర్ల దగ్గరో, జడ్జిల దగ్గరో పని చేస్తే మేలన్నది ఆయన అభిప్రాయం. మంచిదే. కానీ ఆ పని మనకు ఎవరు నేర్పుతారు? తండ్రో మేనమామో లాయరైతే ఫైలు కట్టడం, దావా రాయడం ఇంట్లోనే చూసి నేర్చుకోవచ్చు. మన గూడేల్లో అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయి? మనవాళ్లు కోర్టు మెట్లెక్కింది ఎక్కువగా ముద్దాయిలుగా, సాక్షులుగా, భూమి పోగొట్టుకున్నవాళ్లుగా. ఇంట్లో దొరకని ఆ నేర్పు మనకు దొరికేది ఆఖరి ఏడాదిలోనే.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల్లో దీనికి చోటుంది. అర్జీలు, దస్తావేజులు రాయడం ఒక పేపరు. వృత్తి ధర్మం మరో పేపరు. మూట్ కోర్టు పేపరులో భాగంగా కోర్టులో విచారణలు చూడాలి. లాయరు దగ్గరో న్యాయసహాయ కేంద్రంలోనో కక్షిదారుతో మాట్లాడే తీరు చూసి డైరీ రాయాలి. మూడేళ్ల కోర్సులో మొత్తం 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఈ పని పేపర్లు చాలాచోట్ల చివరి ఏడాదిలోనే వస్తాయి. వీటినే మనం ‘ఊరికే’ అనుకుంటున్నాం.

ఒక సంగతి ఊహించుకుందాం. పోడు భూమికి హక్కు కోరిన ఒక కోయ రైతు దరఖాస్తు ‘ఆధారాలు లేవు’ అని తిరిగొచ్చింది. అప్పీలుకు గడువు 60 రోజులు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందునుంచే ఆ భూమి అతని సాగులో ఉండాలి. గూడెం పెద్దలు చెప్పిన మాటను రాసుకుంటే, అదీ సాక్ష్యమేనని చట్టం కింది నియమాలు చెబుతున్నాయి. పక్కింటి తాత తన భాషలో చెబుతాడు, ‘పెద్ద గోదారి వచ్చిన ఏడు వీళ్లు ఇక్కడ జొన్న చల్లారు’ అని.

ఏ పెద్ద గోదారి? 1986లో వచ్చిందా, 2006లో వచ్చిందా? మొదటిదైతే హక్కు నిలుస్తుంది. రెండోదైతే ఆ మాట మీద నిలవదు. తొందరపడేవాడు అడక్కుండానే 1986 అని రాసేస్తాడు. తెలిసినవాడు కూర్చుని మళ్లీ అడుగుతాడు. అప్పటికి నీ పెద్దకొడుకు పుట్టాడా తాతా? ఊళ్లో బడి ఉందా? ఆ చెట్టు ఎంత ఎత్తుంది? అలా ఏడాదిని తేల్చి, తాత అన్నది అన్నట్టుగా తెలుగులో రాసి, చదివి వినిపించి, ఒప్పుకున్నాకే వేలిముద్ర వేయిస్తాడు. తాత చెప్పని మాట ఒక్కటి చేర్చినా అది అబద్ధమే. చెప్పిన మాట ఒక్కటి వదిలేస్తే భూమే పోవచ్చు. అర్జీ రాయడం, మనిషితో మాట్లాడటం, వృత్తి ధర్మం అనే మూడు పాఠాలూ ఇక్కడ ఒక్క కాగితం మీదికి వస్తాయి.

ఆ ఏడాదిని కాలేజీలు కూడా పాడు చేస్తున్నాయి. సీనియర్ల రికార్డు చూసి రాయించడం, వెళ్లని ఇంటర్న్‌షిప్‌కు సర్టిఫికెట్ తెచ్చుకోవడం మనకు తెలియని సంగతులు కావు. అందులో తప్పు కుర్రవాడిది ఒక్కడిదే కాదు. కానీ దాని జరిమానా కట్టేది కాలేజీ కాదు, కుర్రవాడూ కాదు. తప్పు అర్జీ పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగే ఆ కోయ రైతు కడతాడు. మన సొంతమనుకుని పాడుచేసిన ఏడాది నిజానికి అతనిది.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, గడపక తప్పని ఆ ఏడాదిని గూడేనికి దగ్గరగా గడపండి. ఇంటర్న్‌షిప్‌ను స్థానిక సంస్థల్లోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ చేయడానికి నియమాలు ఒప్పుకుంటాయి. 1987 న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా ప్రతి గిరిజనుడికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. దాన్ని ఇప్పించడమే మీ మొదటి కేసు కావచ్చు. లాయరుగా నమోదయ్యే ఫీజు గిరిజనులకు 125 రూపాయలు మించకూడదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. అంతకుమించి అడిగితే ఆ తీర్పు చూపించండి.

టీచర్లకూ ఒక మనవి. లా చదివే పిల్ల ఊరికి వస్తే ఉద్యోగం ఎప్పుడని అడగకండి. గ్రామసభకు తీసుకెళ్లి తాతల పక్కన కూర్చోబెట్టండి. ఆమె చేతికి ఒక తెల్ల కాగితం ఇవ్వండి.