చెప్పవలెనా, దాచవలెనా?

ఒక ఇంటిని తలంచుము. వైద్యుడు భర్తను మాత్రము బయటికి పిలిచి, వ్యాధి ఇక నయము కాదని చెప్పెను. అతడు కన్నులు తుడుచుకొని లోనికి వచ్చి, "మందులకు తగ్గునట" అని భార్యతో పలికెను. ఆమె నమ్మినట్లు తల యూపెను.

ఇట్టి ఇల్లు కోరుట్లలో బీడీలు చుట్టు తల్లిది కావచ్చును, సిరిసిల్లలో సాంచాల మీద రాత్రింబగళ్లు పని చేయువానిది కావచ్చును. జగిత్యాలలోనైతే దుబాయిలోనున్న కుమారునికి సహితము నిజము చెప్పరు. అప్పు చేసి విమానమెక్కి వచ్చునేమో యని భయము.

ఇది అబద్ధమా, ప్రేమయా? తొందరపడి తీర్పు తీర్చకుము. ఆ భర్త దాచినది ప్రేమచేతనే. అయినను దాని ఫలము చూడుము. ఆమె తన చిక్కిన చేతులను ఎరుగును. ఇరుగుపొరుగువారి గుసగుసలను ఎరుగును. అతడు ఏడ్చుటకు పెరటిలోనికి పోవును. ఆమె ఏడ్చుటకు అతడు నిద్రించువరకు కనిపెట్టును. ముప్పది ఏండ్లు ఒక్క కప్పు క్రింద బ్రదికినవారు కడపటి మాసములలో ఎవరికి వారే ఒంటరులగుదురు.

యెషయా హిజ్కియాకు మరణవార్తను దాచలేదు. రాజు గోడతట్టు ముఖము త్రిప్పుకొని ప్రార్థించి, ఏడ్చెను. అతనికి 15 సంవత్సరములు కలుపబడెను. అందరికి అట్లు కలుపబడవు. ఈ కథనే చెప్పి, "నీకు విశ్వాసము చాలదు" అని రోగిని నిందించువారున్నారు. వ్యాధిచేత నలిగినవానిని అట్లు మరల కొట్టుట నాకు క్రూరముగా తోచును. మన ప్రభువు గెత్సేమనేలో తన దుఃఖమును స్నేహితులకు చెప్పుకొనెను. సిలువమీదనుండి తల్లిని శిష్యునికి అప్పగించెను. తన కాలము సమీపించెనని తెలియనివారు ఎవరిని ఎవరికి అప్పగింతురు? బాకీ సంగతి, కుమార్తె పెండ్లి, పలుకు మానిన తమ్ముడు: ఇవన్నియు ఆమె మనస్సులోనే మిగిలిపోవును.

అయితే నిజమును రాయివలె విసరకుము. "నీవేమి తెలిసికొన గోరుచున్నావు?" అని ముందు అడుగుము. వద్దనిన, ఆ మాటను గౌరవింపుము. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేల కూర్చుండి మంచిపని చేసిరి. నోరు తెరచిన పిమ్మటనే చెడగొట్టిరి.

నొప్పితో మెలికలు తిరుగువారికి ఏ ఓదార్పును వినబడదు. 1967లో లండనులో మరణాసన్నుల కొరకు సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రమమును తెరచిన సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ వైద్యురాలు, శరీరబాధతో మనోవేదన, ఇంటి చింత, ఆత్మ కలవరము కలిసియుండునని బోధించెను. మన దేశములో 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమువలన మార్ఫిన్ దొరకుట కష్టమాయెను. 2014లో ఆ చట్టము సవరింపబడెను. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్స కలదు. అంత దూరము పోకమునుపు జిల్లా ఆసుపత్రిలో దానిని గూర్చి పేరుపెట్టి అడుగుము. వైద్యుడు చెప్పిన కొలతతో ఆ మందు పుచ్చుకొనుట అవిశ్వాసము కాదు.

మరణానంతరమును గూర్చి ఒక్క మాట. జ్ఞాపకార్థ కూడిక ముగియగానే మన మందరము వెళ్లిపోవుదుము. మూడవ నెలలో, మిగిలినవారు ఒంటరిగా అన్నము వడ్డించుకొను సాయంకాలము వెళ్లుము. ఏడువవద్దని చెప్పకుము; లాజరును లేపబోవుచునే ప్రభువు కన్నీరు విడిచెను.

ఆ భర్త సంగతి మరచితిమి. ఒక రాత్రి దీపమార్పక మంచము ప్రక్కను కూర్చుండి, "నీకు భయముగా నున్నదా?" అని అతడు అడిగెననుకొనుము.

"ఉన్నది," అని ఆమె యనును. "పిల్లవానిని ఒకసారి చూడవలెనని యున్నది."